బంగాళాఖాతం 1942: ఒక నౌకాయుద్ధ ఆట తయారీ డైరీ

జనవరి 12

1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా కాకినాడ మీదా జపాన్ విమానాలు బాంబులు వేశాయన్న సంగతి మా కోస్తా వాళ్లలో చాలామంది విన్నదే. అయితే ఆ విమానాలు ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక మీద నుండి ఎగిరి వచ్చాయనీ, అదే వారంలో దానికంటే ఎన్నో రెట్లు పెద్దదైన మరో జపాన్ నౌకాదళం శ్రీలంక చుట్టూ బ్రిటిష్ నౌకలను వేటాడిందనీ తెలిసినవారు తక్కువ. ఆ వారం రోజుల యుద్ధాన్ని ఇద్దరు ఆడుకునే వంతులవారీ కంప్యూటర్ ఆటగా మలచాలని ఈ ఏడాది పని పెట్టుకున్నాను. ఉద్యోగం ముగించుకుని ఇంటికి వచ్చాక దొరికే గంటా రెండు గంటలే దీనికి సమయం కనుక, ఎక్కడి దాకా వచ్చానో మరిచిపోకుండా ఉండడానికి ఈ డైరీ.

విమానవాహక నౌకల యుద్ధం అనగానే అందరూ పసిఫిక్‌లో అమెరికా, జపాన్‌ల మధ్య జరిగిన మిడ్వే యుద్ధాన్నే ఎంచుకుంటారు. నేనూ మొదట దాని గురించే ఆలోచించాను గానీ, 1942 జూన్ 4 ఉదయం ఏ నౌక ఎక్కడుందో ఈ విషయం మీద ఆసక్తి ఉన్న ప్రతి ఒక్కరికీ కంఠతా వచ్చు. ఏప్రిల్ యుద్ధం అలా కాదు. జపాన్ అడ్మిరల్ నగుమో చుయిచి చేతిలో అకాగి, సోర్యు, హిర్యు, షోకాకు, జుయికాకు అనే అయిదు విమానవాహకాలున్నాయి. ఎదురుగా అడ్మిరల్ జేమ్స్ సోమర్విల్‌కు ఇండామిటబుల్, ఫార్మిడబుల్ అనే రెండు పెద్ద విమానవాహకాలు, హెర్మిస్ అనే చిన్న పాతది ఒకటి, అయిదు భారీ యుద్ధనౌకలు ఉన్నా, ఆ అయిదింటిలో వార్‌స్పైట్‌ను మినహాయిస్తే మిగిలిన నాలుగూ సరైన ఆధునికీకరణకు నోచుకోని, వేగం లేని నౌకలు. పగటిపూట నగుమోకు దొరికితే సోమర్విల్ పని ముగిసినట్లే. రాత్రిపూట మాత్రం, రాడార్ అమర్చిన తన ఆల్బకోర్ టార్పెడో విమానాలతో దెబ్బ తీయగల అవకాశం ఆయనకే ఉంది.

చిన్నప్పుడు అరుగు మీద సుద్దతో గీసుకుని ఆడిన పులిజూదం గుర్తుకు వచ్చింది. మూడు పులులు, పదిహేను మేకలు, రెండు పక్షాలకూ వేర్వేరు నియమాలు. ఇక్కడా అంతే, కాకపోతే పులికి మేక కనిపించదు, మేకకు పులి కనిపించదు.

జనవరి 26

పటం సిద్ధమైంది. ఆటలు తయారుచేసే గొడాట్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజిన్‌లో ఆరు మూలల గడులతో గీశాను. ఒక్కో గడి 20 నాటికల్ మైళ్లు, పగటిపూట ఒక్కో వంతు ఒక గంట. ఈ కొలత ఎంచుకోవడానికి కారణం 20 నాట్ల వేగంతో సాగే నౌకాదళం గంటకు సరిగ్గా ఒక గడి జరుగుతుంది, భిన్నాల తలనొప్పి ఉండదు. పడమర మాల్దీవుల దగ్గర 70 డిగ్రీల రేఖాంశం నుండి తూర్పున సుమత్రా దగ్గర 95 దాకా, దక్షిణాన భూమధ్యరేఖకు 6 డిగ్రీల కింద నుండి ఉత్తరాన 18 దాకా తీసుకుంటే 75 అడ్డం, 72 నిలువు, మొత్తం 5,400 గడులు వచ్చాయి.

ఇందులో నేను చేసిన పొరపాటు ఒకటి రాసుకోవాలి. భూమధ్యరేఖ దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం 60 నాటికల్ మైళ్లు ఉంటుందని అంతటా అదే కొలత వాడాను. కొలంబో దగ్గర తేడా తెలియలేదు. విశాఖపట్నం 17.7 డిగ్రీల ఉత్తరాన ఉంది కనుక అక్కడ డిగ్రీ 57 మైళ్ల చిల్లరకు కుంచించుకుపోతుంది. పది డిగ్రీల దూరంలో ఆ తేడా 28 మైళ్లయింది, అంటే ఒక గడి కంటే ఎక్కువ. ర్యూజో విమానాలు మా ఊరికి చేరడానికి లెక్క కంటే ఎందుకు ఎక్కువ దూరం పోతున్నాయో తెలుసుకోవడానికి ఒక ఆదివారం పోయింది. గడులను వంచడం కుదరదు కనుక, దూరం లెక్కించే ఫంక్షన్‌లో అక్షాంశాన్ని బట్టి సవరణ పెట్టి, పటాన్ని అలాగే వదిలేశాను.

ఫిబ్రవరి 16

మూడు వారాలుగా ఒకటే పని: చూడడం. నౌకలు కదలడం, విమానాలు ఎగరడం రెండు రాత్రుల్లో అయిపోయాయి. ఎవరికి ఏమి తెలుసు అన్నదే ఆట మొత్తాన్నీ మోసే దూలం అని ఇప్పటికి అర్థమైంది.

మొదట ఒకే పట్టికలో అన్ని నౌకల స్థానాలూ ఉంచి, ప్రత్యర్థివి తెర మీద కనిపించకుండా దాచాను. అది చాలదు. దాచినా ప్రోగ్రామ్‌కు తెలుసు, ప్రోగ్రామ్‌కు తెలిసింది ఏదో ఒక సందు నుండి బయటికి కారుతుంది. శత్రువు ఉన్న గడి మీదికి దారి గీస్తే నా దారి లెక్కించే కోడ్ ఆ గడిని చుట్టుకుని పోయేది. కనిపించని నౌకను ఖాళీ సముద్రంలో వంపు తిరిగిన గీత పట్టించేసేది. అందుకని ఇప్పుడు మూడు పట్టికలు పెట్టాను. నిజం ఒక పట్టికలో ఉంటుంది, జపాన్ పక్షం నమ్మేది మరొక దానిలో, బ్రిటిష్ పక్షం నమ్మేది ఇంకొక దానిలో. ఆటగాడి తెరకు సంబంధించిన ఏ కోడూ మొదటి పట్టికను ముట్టుకోకూడదన్నది నియమం.

నమ్మకాల పట్టికలోకి సమాచారం ఎలా చేరాలన్నదానికి ఏప్రిల్ 4 నాటి ఘటనే దారి చూపింది. ఆ రోజు సాయంకాలం లెనార్డ్ బర్చల్ అనే కెనడా వైమానిక దళాధికారి నడుపుతున్న కాటలీనా గస్తీ విమానం, శ్రీలంకకు ఆగ్నేయంగా సుమారు 360 మైళ్ల దూరంలో నగుమో దళాన్ని చూసింది. ఏమేమి నౌకలున్నాయో తెలుసుకోవాలంటే దగ్గరికి వెళ్లాలి, దగ్గరికి వెళ్తే ఫైటర్లు చుట్టుముడతాయి. ఆయన వెళ్లాడు, వైర్‌లెస్‌లో సందేశం పంపుతూండగానే విమానాన్ని కూల్చేశారు, బతికినవారు బందీలయ్యారు. కొలంబోకు ఆ సందేశం చేరింది. రేవులోని నౌకల్లో చాలావాటిని అప్పటికే ఖాళీ చేయించే పని మొదలై ఉంది, మర్నాటి దాడికి ముందు అది వేగంగా ముగిసింది.

కనుక నా ఆటలో గస్తీ విమానం ఇచ్చే నివేదిక మూడు ముక్కలుగా వస్తుంది. మొదటి ముక్కలో శత్రువు ఉన్న చోటు మాత్రమే ఉంటుంది, అది కూడా ఒకటి రెండు గడుల తేడాతో. ఇంకాసేపు అక్కడే తిరిగితే ఏ దిక్కుకు పోతున్నారో తెలుస్తుంది. ఇంకా దగ్గరికి వెళ్తేనే ఎన్ని నౌకలు, ఏ రకమైనవి అన్నది వస్తుంది. ప్రతి ముక్కకూ ముందు ఆటగాడు ‘ఉండాలా, వెనక్కి రావాలా’ అన్నది నిర్ణయించుకోవాలి. విమానం కూలితే అప్పటిదాకా వచ్చిన ముక్కలే మిగులుతాయి.

రకం విషయంలో పొరపాటు కూడా జరగాలి. ఒక నెల తర్వాత, మే 7న, పగడాల సముద్రంలో జపాన్ గస్తీ విమానాలు నియోషో అనే చమురు నౌకనూ, దానికి తోడుగా ఉన్న సిమ్స్ అనే డిస్ట్రాయర్‌నూ చూసి విమానవాహకం, క్రూయిజర్ అని కబురు పెట్టాయి. ఆ కబురు నమ్మి పెద్ద దాడినే పంపి ఆ ఉదయాన్ని పోగొట్టుకున్నారు. నా ఆటలో మొదటి చూపులో అయిదింటిలో ఒకటి తప్పు నివేదికగా పెట్టాను. ఇది చరిత్ర చెప్పిన లెక్క కాదు, ఆడి చూసి సర్దుకున్న లెక్క.

మార్చి 15

హ్యాంగర్, అంటే నౌక లోపల విమానాలను ఉంచే చోటు. ఈ ఆటలో నాకు అన్నింటికంటే ఇష్టమైన భాగం ఇదే కాబట్టి కొంచెం సాగదీసి రాస్తాను.

సాధారణంగా ఆటల్లో విమానవాహకం అంటే విమానాలను దూరంగా విసిరే ఫిరంగి లాంటిది. మీట నొక్కగానే విమానాలు పోతాయి, తిరిగొస్తాయి. నిజంలో అది ఇరుకైన వంటిల్లు లాంటిది, ఒక పొయ్యి మీద ఒకటే గిన్నె పడుతుంది. దాడికి వెళ్లే విమానాలను డెక్ మీద వరుసగా నిలబెట్టారంటే పైన ఉన్న విమానాలు దిగడానికి చోటు ఉండదు. దిగుతున్నంతసేపూ ఎగరడానికి వీలుండదు. ఈ మధ్యలో కాపలా ఫైటర్లకు ఇంధనం అయిపోతూ ఉంటుంది. అందుచేత ప్రతి విమాన దళానికీ అయిదు స్థితులు పెట్టాను: హ్యాంగర్‌లో ఖాళీగా ఉండడం, ఆయుధం అమర్చుకోవడం, డెక్ మీద నిలబడడం, గాలిలో ఉండడం, దిగడం. ఒక స్థితి నుండి మరొక స్థితికి మారడానికి కనీసం ఒక వంతు పడుతుంది.

టార్పెడో విమానాలకు ఆయుధం మార్చడం మాత్రం రెండు వంతులు. టార్పెడో తీసి బాంబు పెట్టడమంటే బరువును దించి ఇంకో బరువును ఎత్తడం మాత్రమే కాదు. విమానం పొట్ట కింద టార్పెడోను పట్టి ఉంచే అమరికనే విప్పేసి, బాంబుకు సరిపోయే మరొక అమరికను బిగించాలి, అదీ ఒక్కో విమానానికీ, తోపుడు బండ్ల మీద ఆయుధాన్ని తెచ్చి, తలుపులు లేని చీకటి కొట్టు లాంటి హ్యాంగర్‌లో.

మిడ్వేలో నగుమోను ముంచింది ఈ మార్పిడి తడబాటేనని అందరూ చెప్పుకుంటారు. అదే తడబాటు రెండు నెలల ముందు, ఏప్రిల్ 5న, మన సముద్రంలోనే ఒకసారి జరిగింది. కొలంబో మీదికి వెళ్లిన మొదటి దాడి తర్వాత మరో దాడి అవసరమని దానికి నాయకత్వం వహించిన ఫుచిదా మిత్సువో కబురు పంపడంతో, నౌకల మీదికని టార్పెడోలతో సిద్ధంగా ఉంచిన విమానాలకు బాంబులు పెట్టమని ఆజ్ఞ వెళ్లింది. అంతలో గస్తీ విమానం బ్రిటిష్ నౌకలను చూసింది. మళ్లీ టార్పెడోలు పెట్టమన్నారు. అది సమయానికి తెమలలేదు. చివరికి ఎగుసా తకాషిగె నడిపిన డైవ్ బాంబర్లే (పైనుండి నిటారుగా దూకి బాంబు వేసే విమానాలు) వెళ్లి డార్సెట్‌షైర్, కార్న్‌వాల్ అనే రెండు భారీ క్రూయిజర్లను 20 నిమిషాల లోపే ముంచేశాయి. 424 మంది చనిపోయారు, 1,122 మందిని మరునాడు నీళ్లలోంచి తీశారు. డైవ్ బాంబర్లు పనిని అంత తేలికగా ముగించడంతో హ్యాంగర్‌లో జరిగిన గందరగోళం ఎవరికీ గుణపాఠం కాలేదు. నా హ్యాంగర్ కోడ్ సరిగా పనిచేస్తోందా లేదా అని పరీక్షించడానికి ఆ ఏప్రిల్ 5 సంఘటననే వాడుకున్నాను. ఆ ఆజ్ఞలన్నీ అదే వరుసలో ఇస్తే టార్పెడో విమానాలు రెండు వంతులు వెనకబడ్డాయి, డైవ్ బాంబర్లు ముందుగా ఎగిరాయి. చాలా సంతోషం కలిగింది.

ఏప్రిల్ 5

మొదటిసారి మరొకరితో ఆడాను. మా బావమరిది హైదరాబాదులో ఉంటాడు. ఇద్దరమూ ఆదేశాల ఫైళ్లు పంపుకుని ఆడాము. అతనికి బ్రిటిష్ పక్షం ఇచ్చాను. ఆట ఏప్రిల్ 4 ఉదయం మొదలవుతుంది. మూడు రోజులు నగుమో కోసం కాచుకుని కాచుకుని, నీళ్లూ ఇంధనమూ తరిగిపోయి, సోమర్విల్ మాల్దీవుల్లోని అడ్డు అటాల్‌కు చేరిన రోజు అది. అక్కడ రేవు ఉందని జపాన్‌కు తెలియదు. కొలంబోకు అది 600 మైళ్లు, అంటే ముప్పై గడులు.

మూడో రోజు రాత్రి ఫోన్ చేశాడు. “బావగారూ, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఈ ఆటలో నేను చేయవలసిన పని పారిపోవడమేనా?”

“పగలు పారిపోవాలి, రాత్రి రావాలి.”

“రాత్రి వస్తే ఏమి దొరుకుతుంది? అడ్డులోనే కూర్చుంటే నాకేమి నష్టం? నౌకలన్నీ క్షేమం. లెక్క చూసుకోండి, నేను గెలిచినట్లే.”

అతను చెప్పింది నిజం. అడ్డు అటాల్‌లో లంగరు దించుకుని కూర్చుంటే బ్రిటిష్ పక్షం పాయింట్లలో గెలుస్తోంది. నేను జపాన్ వైపు నుండి అయిదు విమానవాహకాలతో మూడు రోజులు ఖాళీ నీళ్లను గాలించాను. అతను ఆ మూడు రోజులూ ‘ఆగి ఉండు’ అన్న ఆదేశం పంపుతూ సీరియల్ చూసుకున్నాడట.

ఏప్రిల్ 20

పాయింట్ల సంగతి తర్వాత. అంతకంటే ముందు ఇంకొక లోపం బయటపడింది, దాన్ని నేను ఊహించనైనా లేదు.

ఆరు రోజుల యుద్ధాన్ని గంట గంటకూ ఆడాలంటే ఆటగాళ్లకు ఓపిక చాలదని, ఎవరూ ఎవరినీ చూడనంతసేపూ వంతు నాలుగు గంటలు ఉండేలా, ఎవరి కంటికైనా శత్రువు పడగానే అది ఒక గంటకు తగ్గేలా పెట్టాను. తెలివైన ఏర్పాటని మురిసిపోయాను కూడా. రెండో ఆటలో బావమరిది రెండు రోజుల పాటు నా నుండి తప్పుకుంటూనే ఉన్నాడు. నా గస్తీ విమానం అతన్ని చూసిన ప్రతిసారీ, అతనికి ఏ హెచ్చరికా వెళ్లకపోయినా, వెంటనే దిశ మార్చేస్తున్నాడు. కోడ్ అంతా వెతికాను, మూడు పట్టికల్లో ఎక్కడా కారడం లేదు. చివరికి అతన్నే అడిగాను.

“వంతు గంటకు తగ్గింది కదండీ. నాకైతే ఎవరూ కనిపించలేదు. అంటే మీకే నేను కనిపించి ఉంటాను.”

గడియారమే గూఢచారి అయింది. దీనికి రెండు మూడు పరిష్కారాలు ఆలోచించాను. అప్పుడప్పుడు ఊరికే వంతును తగ్గించి కంగారు పెట్టడం అందులో ఒకటి, కానీ అది ఆటగాడి సమయాన్ని వృథా చేయడమే. చివరికి ఏ తెలివీ లేని పద్ధతికే వచ్చాను. ఎవరు ఎవరిని చూసినా చూడకపోయినా పగలు గంటకొక వంతు, రాత్రి మూడు గంటలకొక వంతు. రోజుకు 12, 4 కలిపి 16. ఏప్రిల్ 4 ఉదయం ఆరు నుండి 9 సాయంత్రం ఆరు దాకా మొత్తం 92 వంతులు. ఎక్కువే. అయితే ‘ఇలాగే సాగనివ్వు’ అన్న ఆదేశాన్ని ముందుగానే పది వంతులకు ఇచ్చుకునే వీలు పెట్టాను కనుక, ఏమీ జరగని రోజు పది నిమిషాల్లో గడిచిపోతుంది.

మే 11

ఈసారి లోపం అనుకున్నది లోపం కాదని తేలింది. నా విమానాలు ముంచేసిన ఒక క్రూయిజర్ అతని తెర మీద ఇంకా తేలుతూనే ఉంది, అతను దానికి ఆదేశాలు కూడా పంపుతున్నాడు. నా తెర మీదేమో, నేను ముంచానని రాసుకున్న మరొక నౌక నిజంలో హాయిగా సాగిపోతోంది. సరిచేయడానికి కూర్చున్నాను గానీ, సరిచేయవలసింది ఏమిటా అని ఆగిపోయాను.

పగడాల సముద్రంలో అమెరికా విమానవాహకం యార్క్‌టౌన్‌ను ముంచేశామని జపాన్ నమ్మింది. ఆ నౌక పెర్ల్ హార్బర్‌లో మూడు రోజుల మరమ్మతు చేయించుకుని మిడ్వేకు వచ్చింది. అక్కడ హిర్యు డైవ్ బాంబర్ల దెబ్బ తిని మంటలార్పుకుని మళ్లీ కదులుతుంటే, తర్వాత వచ్చిన టార్పెడో విమానాలు దాన్ని దెబ్బతినని వేరొక నౌక అనుకుని కొట్టాయి. ఒకే నౌకను రెండుగా లెక్కపెట్టుకుని, ఇక అమెరికాకు ఒక్కటే మిగిలిందని హిర్యులో వాళ్లు ధైర్యం తెచ్చుకున్నారు. నా పట్టికలు అదే పని చేస్తున్నాయి. సొంత నౌక మునిగినప్పుడు మాత్రం, అది ఒక్కటే వెళ్తున్నదైతే, కొన్ని వంతుల పాటు జవాబు రాకపోవడమే సంకేతంగా ఉండేలా మార్చాను.

మే 30

పాచికలు. దాడి ఫలితాన్ని కంప్యూటర్ వేసే పాచికలే నిర్ణయిస్తాయి. ఆదేశాల ఫైలును మళ్లీ నడిపితే ఫలితం మారుతున్నదని గమనించాను. అంటే ఎవరైనా తనకు నచ్చిన ఫలితం వచ్చేదాకా మళ్లీ మళ్లీ నడిపించుకోవచ్చు. ఇప్పుడు ఆట మొదలయ్యేటప్పుడే పాచికల వరుస మొత్తం ఖాయమై, ఇద్దరి ఫైళ్లలోనూ తాళం వేసి ఉంటుంది.

ఈ బుద్ధి కొత్తదేమీ కాదు. మిడ్వేకు ముందు మే మొదటి వారంలో యమాటో నౌక మీద జపాన్ అధికారులు బల్ల మీద ఆ యుద్ధాన్ని ఆడి చూసుకున్నారు. అమెరికా విమానాల దాడిలో తొమ్మిది బాంబులు తగిలాయని పాచికలు చెబితే, వాటిని మూడుగా తగ్గించమని ఆ ఆటను నడిపిస్తున్న అడ్మిరల్ ఉగాకి మతోమె ఆదేశించాడని అక్కడున్నవారు తర్వాత చెప్పారు. మునిగిన ఒక నౌక ఆ తర్వాతి ఘట్టంలో మళ్లీ తేలి పాల్గొన్నదట.

జూన్ 14

పాయింట్లు. అడ్డులో కూర్చుని గెలవడం కుదరకూడదు, అలాగని సోమర్విల్‌ను ఆత్మహత్యకు పంపేదీ ఆట కాదు. బంగాళాఖాతంలో తిరిగే సరకు నౌకలను లెక్కలోకి తెచ్చాను. నిజంలో ఒజావా జిసబురో దళం ర్యూజోతోనూ క్రూయిజర్లతోనూ వచ్చి ఏప్రిల్ మొదటి వారంలో 20కి పైగా సరకు నౌకలను ముంచింది. కలకత్తా నుండి మద్రాసు దాకా సముద్ర రవాణా స్తంభించింది. ఇప్పుడు సరకు నౌక మునిగితే బ్రిటిష్ పక్షానికి పాయింటు పోతుంది, క్షేమంగా రేవు చేరితే వస్తుంది. అన్నింటికంటే పెద్ద బహుమతి, జపాన్ విమానవాహకాల్లో ఒక్కదానికి ఒక్క టార్పెడో తగిలించడం.

విశాఖ, కాకినాడల విషయంలో నా పక్షపాతం బయటపడింది. ఊరి మీద మమకారంతో విశాఖ మీద దాడికి జపాన్‌కు పది పాయింట్లు పెట్టాను. దానితో బావమరిది జపాన్ తీసుకున్నప్పుడు నగుమో దళాన్ని కూడా ఉత్తరానికి నడిపించుకొచ్చి మూడు రోజులు విశాఖనే కొట్టాడు. ఏప్రిల్ 6న జరిగిన సైనిక నష్టం స్వల్పం. అసలు ప్రభావం భయం. విశాఖ నుండీ మద్రాసు నుండీ జనం పెద్దయెత్తున ఊళ్లు విడిచిపోయారు. కనుక మొదటి దాడికి మూడు పాయింట్లు, ఆ తర్వాత అదే ఊరి మీద ఎన్ని వేసినా సున్న అని మార్చాను.

జూన్ 29

రాత్రి యుద్ధం రెండు వారాలుగా తెగడం లేదు. ఆల్బకోర్ రెండు రెక్కల నెమ్మది విమానం, పగలు జపాన్ ఫైటర్లకు చిక్కితే తిరిగి రాదు. చీకటిలో దాని రాడార్ ఒక్కటే సముద్రం మీద చూపున్న కన్ను, ఎందుకంటే నగుమో నౌకలకు రాడార్ లేదు. ఏప్రిల్ 5 సాయంత్రం ఇండామిటబుల్ నుండి వెళ్లిన రెండు ఆల్బకోర్లు నిజంగానే జపాన్ దళాన్ని చూశాయి. ఒకటి కూలింది, మరొకటి దెబ్బ తిని తిరిగొచ్చింది. అయినా నగుమో ఏ దిక్కుకు తిరిగాడో సోమర్విల్‌కు స్పష్టంగా తెలియక ఆ రాత్రి దాడి జరగలేదు. నా ఆటలోనూ పన్నెండు ప్రయత్నాల్లో ఒక్కసారే దాడి అందింది. ఇది అన్యాయమా, న్యాయమా అన్నది తేల్చుకోవాలి. ప్రస్తుతానికి రాడార్ చూపును రెండు గడుల నుండి మూడుకు పెంచి, మిగతాదంతా అలాగే ఉంచాను.

ఏడో ఆట నడుస్తోంది. నాది జపాన్. వంతు 29, ఏప్రిల్ 5 సాయంత్రం ఆరుకు రాత్రి మొదటి వంతు. మధ్యాహ్నం నా ఫైటర్లు ఒక ఆల్బకోర్‌ను కూల్చాయి, రెండోది మేఘాల్లోకి పోయింది. అది ఎన్ని ముక్కల నివేదిక పంపిందో నాకు తెలియదు. సోర్యు డెక్ మీద విమానాలు దిగుతున్నాయి కనుక ఈ వంతులో ఏమీ ఎగరలేవు. ఆగ్నేయంగా 20 నాట్లకు ఆదేశం రాసి తాళం వేశాను. అతని ఫైలు ఇంకా రాలేదు.